ఊడిపోయిన లేబులు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ట్రైలర్ లేబులు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, నా పడవా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీయే గానీ, మీరెక్కడున్నారో తెలిస్తేగా! మిషిగన్‌లో ఓ పెద్దాయన పెరట్లో, ఏ గడ్డిలోనో కలిసిపోయి ఉంటారు. చిరునామా లేదు గనక పదిమందీ చదివేలా రాస్తున్నాను.

మనం ఎప్పుడూ కలుసుకోలేదు. కలుసుకోకపోవడమే నా బాధ. 2022 మే నెల, శుక్రవారం మధ్యాహ్నం. మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్ నుంచి కెనడాలోని సార్నియాకు వచ్చే బ్లూ వాటర్ వంతెన దాటాను. కింద సెయింట్ క్లెయిర్ నది, నా బండి వెనక ట్రైలరు, దాని మీద పదహారడుగుల అల్యూమినియం చేపల పడవ. ట్రైలరుకు ముందు, బండికి తగిలించే కొక్కెం దగ్గర, మీరుండాల్సిన చోట అరచేతి వెడల్పున నలుపలకల మచ్చ. చుట్టూ రంగు వెలిసిపోయింది, ఆ మచ్చలో మాత్రం నిగనిగలాడుతోంది. ఏళ్ల తరబడి వేలాడిన క్యాలెండరు తీసేశాక గోడ మీద మిగిలే జాడ చూశారా, అలాగన్నమాట.

నేనేమీ కళ్లు మూసుకుని కొనలేదండి. పడవ చుట్టూ మూడుసార్లు తిరిగాను. అడుగున రివెట్లన్నీ వేలితో తడిమాను. పాతిక హార్స్‌పవర్ ఇంజను చెవులకు నీళ్ల గొట్టం బిగించి పావుగంట నడిపించాను. అమరం మీద కుడివైపు పై మూల చెక్కిన హల్ నంబరు చదివి, రిజిస్ట్రేషన్‌తో సరిచూశాను. 1972 నవంబరు నుంచి అమెరికాలో తయారయ్యే ప్రతి పడవకూ ఆ పన్నెండు అక్షరాల నంబరు ఉంటుంది. మొదటి మూడూ చేసినవాడి గుర్తు. చివరి నాలుగూ పుట్టిన నెలా ఏడాదీ, మోడల్ సంవత్సరమూ. మా పడవకు చివర ‘ఎ707’ అని ఉంది. ‘ఎ’ అంటే జనవరి, ఏడు అంటే 2007, చివరి రెండంకెలూ మోడల్ సంవత్సరం. పెద్దాయన కాగితం మీద అమ్మకం రాసి, ధర వేసి, సంతకం పెట్టాడు. నేనూ పెట్టాను. పెళ్లికొడుకుని నఖశిఖపర్యంతం చూసుకుని, పల్లకీకి బొంగుందో లేదో చూడని ఆడపెళ్లివారిలా, ట్రైలరు వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

కెనడా లెక్కలో పడవ ఒక వస్తువు. కొన్న కాగితం చూపిస్తారు, ఎక్కడ తయారైందో చెప్తారు, పన్ను కడతారు. మా అంటారియోలో 13 శాతం. ఇంటికొచ్చాక, ఇంజను పది హార్స్‌పవర్‌కి తగ్గలేదు గనక, లైసెన్సు తీసుకుని, పడవకు రెండు పక్కలా మూడంగుళాల అక్షరాలతో నంబరు వేస్తారు. అయిపోయింది. ట్రైలరు అలా కాదు. ఇంజను లేకపోయినా, సొంతంగా అంగుళం కదల్లేకపోయినా, చట్టం దృష్టిలో అదొక వాహనం. అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారైందని చెప్పే లేబులు దానికి ఉండాలి. దిగుమతి వాహనాల రిజిస్ట్రారు దగ్గర పేరెక్కాలి, రుసుము కట్టాలి, తనిఖీ చేయించాలి. ఒక్క మినహాయింపు ఉంది: తయారై పదిహేనేళ్లు నిండితే ఆ బాధలేవీ లేవు. ఆ పదిహేనేళ్లూ తయారైన నెల నుంచి లెక్క.

“ట్రైలర్ ఎప్పటిది?” అంది కెనడా కస్టమ్స్ కౌంటర్‌లో అమ్మాయి.

“2007.”

“ఏ నెల?”

నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను.

తనే బయటికొచ్చి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. ఇనప చట్రం మీద పదిహేడు అక్షరాల నంబరు పోతపోసినట్టు స్పష్టంగా ఉంది. అందులో పదోది ఏడు. అంటే 2007 మోడల్. నెల లేదు. తేలిక ట్రైలరు గనక మిషిగన్‌లో దానికి టైటిల్ అనే యాజమాన్య పత్రం ఇవ్వరు, రిజిస్ట్రేషన్ కాగితమే గతి. దాని మీదా ఏడాదే ఉంది. నెల అక్కర్లేని పడవ తన నెల చెప్తోంది. నెల కావాల్సిన ట్రైలరు నోరు విప్పదు. ఆ నెల రాసి ఉండేది మీ మీదే.

ఇప్పుడు అర్థమైందా, మీరు నన్ను ఎలా ఇరికించారో? ఆ ట్రైలరు మే నెల కన్నా ముందుదైతే మీతో నాకు పనే లేదు. మీరు ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే. కానీ మీతో పని లేదని చెప్పాల్సింది కూడా మీరే! ‘నేను ఇంట్లో లేను’ అని చెప్పడానికి మనిషి ఇంట్లో ఉండాలన్నట్టుంది వ్యవహారం.

ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది: పడవకు అభ్యంతరం లేదు, ట్రైలరు రాదు. మరి పడవను నెత్తిన పెట్టుకుని రావాలి కాబోలు. వెనక్కి తిప్పాను. ఫోన్లో మా ఆవిడ, “పడవ కొనడానికెళ్లి చక్రాల దగ్గర ఆగిపోయారా?” అంది. పెద్దాయన ట్రైలరును మళ్లీ పెరట్లోకి తోయించి, ఆ మచ్చ మీద బొటనవేలు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. “ప్రతి వేసవికీ ముందు ప్రెషర్ వాషర్‌తో కడిగేవాణ్ణి” అన్నాడు, తప్పు చేసినవాడిలా. మీరు శుభ్రతకు బలైపోయారు. అది ఆయన తప్పు కాదని నేనూ, నా తప్పు కాదని ఆయనా, కాసేపు ఒకరికొకరు సర్దిచెప్పుకున్నాం.

మాది కోనసీమ. కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి పెరిగినవాణ్ణి. ఏ నాటుపడవ ఎవరిదో అల్లంత దూరాన వంపు చూసి చెప్పేవారు మా తాతయ్య. పడవ చేతులు మారితే రేవంతటికీ తెలుసు, కాగితం అడిగిన నాథుడు లేడు. ఆ గర్వంతోనే మీ మీద కోపం తెచ్చుకున్నాను. తర్వాత అనిపించింది: ఈ వంతెన మీద మా తాతయ్య లేరు కదా, వంపు చూసి చెప్పడానికి. బ్రేకో ఇరుసో తేడా ఉన్న ట్రైలరు ఎనభై మైళ్ల వేగంతో మా పిల్లల బండి పక్కన పోతుంటే, దాన్ని ఎరిగినవాడెవడో ఒకడు ఉండాలి. ఆ ఒక్కడూ మీరే.

ఒక్క సంగతికి మాత్రం ఒళ్లు మండుతుంది. ఈ నది దిగువనే ఉన్న సెయింట్ క్లెయిర్ సరస్సులో 1988లో జీబ్రా గుల్లలు బయటపడ్డాయి. నల్లసముద్రం, కాస్పియన్ వైపు పుట్టిన జాతి, ఓడల అడుగున బరువు కోసం నింపే నీళ్లలో దాక్కుని వచ్చింది. వేలిగోరంత ప్రాణి, ఏ లేబులూ లేకుండా మహాసరస్సుల్లో పీటలేసుకు కూర్చుంది. దాని పుణ్యాన, పడవను రోడ్డెక్కించే ముందు అడుగు బిరడా తీసి నీళ్లన్నీ వంపేయాలని అంటారియోలో 2022 జనవరి నుంచి నిబంధన. వంపేశాను. బిరడా ఇప్పటికీ నా కారు సొరుగులోనే ఉంది.

ఆఖరికి ట్రైలరు చేసిన కంపెనీకే ఫోన్ చేశాను. అదృష్టం, ఇంకా నడుస్తోంది. అవతల ఆవిడకు పదిహేడు అక్షరాలూ ఒక్కొక్కటే చదివాను. కీబోర్డు టకటకలు, కాసేపు మౌనం, తర్వాత, “ఫిబ్రవరి 2007.”

అంటే మొన్న వంతెన మీద నిలబడేనాటికే పదిహేనేళ్లు దాటి మూడు నెలలు! లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు రాసి పంపించారు. మూడో వారం అదే వంతెన, అదే ట్రైలరు. కాగితం చూసి, ముద్ర వేసి, వెళ్లమన్నారు.

మీ స్థానంలో కొత్తవారిని అంటించలేదు. ఆ మచ్చ మీద రంగు వేయొద్దని ఇంట్లో చెప్పాను. రేపు ఈ పడవ అడగడానికి ఎవరైనా వస్తే, ముందు ట్రైలరు దగ్గరికి తీసుకెళ్లి మీరుండాల్సిన చోటు చూపిస్తాను. ఆ రెండు వాక్యాల కాగితం చేతికిస్తాను. పడవ సంగతి తర్వాత.

ఇట్లు,
మీరు లేని లోటు అనుభవించినవాడు