ఉష్ణోగ్రతల దుప్పటికి తలకిందుల చిట్కాలు

ఏడాది పొడవునా రోజుకొక వరుస, ఆ రోజు ఎండను బట్టి దారం రంగు. క్రోషే అల్లేవాళ్ళకు ఈ ఉష్ణోగ్రతల దుప్పటి కొత్తేమీ కాదు. దాన్ని అల్లే పద్ధతి కూడా దాదాపు అందరూ ఒకేలా చెబుతారు: జనవరి 1న మొదలుపెట్టాలి, పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత తీసుకోవాలి, చలికి నీలం, ఎండకు ఎరుపు వాడాలి, దారాలన్నీ ముందే కొనాలి, కొసలు కనబడకుండా దాచాలి. తెలుగునాట అల్లేవాళ్ళు వీటిలో ఏ ఒక్కటీ పాటించనక్కర్లేదని నా గట్టి నమ్మకం.

ముందు పగటి ఎండను వదిలేయండి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఎన్ని డిగ్రీలు కాసిందో రాసిపెట్టడానికి వాతావరణ శాఖ ఉంది. 1875లో ఏర్పడిన శాఖ అది. వాళ్ళ థర్మామీటరు గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నీడలో, నేలకు నాలుగడుగుల ఎత్తున ఉంటుంది. ఊరి వాతావరణానికి అదే సరైన కొలత. కానీ మనం నిద్రపోయేది పగలంతా కాగిన స్లాబు కింద. కాంక్రీటు తాగిన వేడిని వెంటనే వదలదు, పొద్దుగూకాక మెల్లగా గదిలోకి దించుతుంది. బయట గాలి తిరిగినా లోపల ఉడుకు తగ్గనిది అందుకే. పగటి దెబ్బ నుంచి ఒళ్ళు తేరుకోవలసిన వేళ రాత్రి. ఆ వేళ కూడా వేడి తగ్గకపోతే ముసలివాళ్ళు, పసిపిల్లలు, ఎండలో కూలికి వెళ్ళొచ్చినవాళ్ళు కుంగిపోతారు. పగలు 40 డిగ్రీలు దాటి, రాత్రి కనిష్ఠం మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు మించితే వాతావరణ శాఖ కూడా దాన్ని విడిగా లెక్కలోకి తీసుకుంటుంది.

అందుకని పడకగదిలో, మంచం ఎత్తున, గోడకు ఆనకుండా ఒక థర్మామీటరు వేలాడదీయండి. రోజూ రాత్రి పది గంటలకు చూడండి. అది గరిష్ఠమూ కాదు, కనిష్ఠమూ కాదు, వాతావరణ శాస్త్రం ఒప్పే కొలతా కాదు. అయినా మీ ఇంటి సంగతి చెప్పేది అదే. ఫ్యాను తిరుగుతున్నా ఫరవాలేదు, ఫ్యాను గాలిని కదుపుతుందే తప్ప చల్లబరచదు. ఏసీ ఉంటే మాత్రం వేయకముందే చూడాలి. ఫోనులో కనిపించే అంకె జోలికి పోవద్దు, అది మీ గదికి వచ్చి చూసినది కాదు.

జనవరి 1 బదులు అశ్విని కార్తెతో, అంటే ఏప్రిల్ 13, 14 ప్రాంతంలో మొదలుపెట్టండి. మన ఎండావానలు నెలల కంటే కార్తెలకే బాగా అమరుతాయి. 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు, కలిపితే ఏడాది. మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది, జూన్ రెండో వారానికి మృగశిర. తొలకరి సకాలంలో పడిందో లేదో దుప్పటి మీద ఆ చోట వేలుపెట్టి చూపించవచ్చు.

ఊలు వద్దు, నూలు దారమే వాడండి. వరుస సెంటీమీటరు ఎత్తు వస్తే 365 వరుసలకు మూడున్నర మీటర్లు దాటిపోతుంది. అర సెంటీమీటరు వచ్చేలా సన్నటి సూదితో, సింగిల్ క్రోషేతో అల్లితే 182 సెంటీమీటర్లు, మనిషి కప్పుకునేంత. చలిదేశాల పట్టికల్లో రంగులు సున్నా కంటే కిందనే మొదలవుతాయి, ఒక్కో రంగుకు ఐదేసి డిగ్రీలు కేటాయిస్తారు. ఆ లెక్కన కోస్తా దుప్పటిలో మూడు, నాలుగు రంగులే మిగులుతాయి. రెండేసి డిగ్రీలకు ఒక రంగు పెట్టుకోండి: 22 కంటే తక్కువ ఒకటి, అక్కడి నుంచి 36 దాకా ఏడు, ఆపైన ఒకటి. తొమ్మిది రంగులు చాలు.

ఎండకు ఎరుపు వద్దనేది ఈ సలహాలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది. ఎరుపు మనకు కుంకుమ, పెళ్ళిచీర. దాన్ని రోహిణి కార్తె రాత్రులకు ఎందుకివ్వాలి? మేలో పల్నాటి రోడ్డు మీద నిలబడితే రంగులన్నీ వెలిసిపోయి కనిపిస్తాయి. అన్నిటికన్నా వేడి రాత్రికి బూడిద కలిసిన తెలుపు ఇవ్వండి. అప్పుడు ఎండలు ముదిరిన కొద్దీ దుప్పటి రంగు కోల్పోతుంది.

దారాలు ముందే కొనకండి, ఏ రంగు ఎంత పడుతుందో ఏప్రిల్‌లో ఎవరికీ తెలియదు. మళ్ళీ కొన్నప్పుడు ఛాయ కాస్త మారితే మారనివ్వండి. ఒక రాత్రి చూడటం మరచిపోతే అంకె ఊహించి నింపకండి. నిన్నటి రంగుతోనే, నిండు కుట్టు బదులు గళ్ళ కుట్టు వేయండి. తెలియనిది తెలియనట్టే కనబడాలి. ప్రతి వరుసనూ ఒకే వైపు నుంచి మొదలుపెట్టి, రెండు చివర్లా జానెడు దారం వదిలి కత్తిరించండి. కార్తె పూర్తయ్యాక ఆ కొసలన్నీ కలిపి ఒక కుచ్చు ముడివేయండి. పక్కకు 27 కుచ్చులు వస్తాయి, కార్తెలు లెక్కపెట్టడం సులువు.

చేయి తిరగకపోతే నర్సాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ళలో ఎవరికైనా ఈ పని ఇవ్వండి. అక్కడి లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అల్లే చేతులకు మాత్రం ఏళ్ళ తరబడి పీసు లెక్కన చిల్లర కూలే. మీరు గంటల లెక్కన ఇవ్వండి. అసలైన క్రోషేను పెద్ద ఎత్తున అల్లే మిషను నేటికీ వాడుకలో లేదు.

రంగుల పట్టిక ఒకసారి రాశాక మార్చవద్దు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని అనకోర్టెస్‌లో 2017లో మొదలైన టెంపెస్ట్రీ అనే ఉష్ణోగ్రతల అల్లికల ప్రాజెక్టు ఊరేదైనా, ఏడాదేదైనా ఒకటే రంగుల పట్టిక వాడుతుంది. రెండు అల్లికలు పక్కపక్కన పెట్టి పోల్చడానికే ఆ నియమం. మీ పట్టికను, గది ఏ అంతస్తులో ఉందో, పైకప్పు ఏమిటో ఒక గుడ్డముక్క మీద కుట్టి దుప్పటి వెనక అతికించండి.

వీలైతే ఒకే వీధిలో మూడిళ్ళవాళ్ళు ఒకే పట్టికతో అల్లండి: రేకుల ఇల్లు, స్లాబు ఇల్లు, పైకప్పుకు తెల్లని చల్లరంగు వేసిన ఇల్లు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అది మీ వీధిలోని రేకుల ఇంటిదాకా రాకపోతే, ఏడాది చివర మూడు దుప్పట్లనూ వార్డు కార్యాలయానికి తీసుకెళ్ళి బల్ల మీద పక్కపక్కన పరచి, ఆ ఇంటి పైకప్పుకు రంగు ఎప్పుడు వేయిస్తారో అడగండి.