రెండు ముఖాల రాయి: ఒక అమరావతి ఫలకం ఆత్మకథ

స్తూపం అడుగున, గుండ్రటి అరుగులా ఎత్తుగా కట్టే భాగాన్ని మేధి అంటారు. అమరావతి మహాస్తూపపు మేధి చుట్టూ తాపడం చేసిన చెక్కడపు పలకల్లో ఒకటి ఈ ఆత్మకథకు కర్త. ఆ స్తూపానికి రాళ్లిచ్చిన వారి శాసనాలు సాధారణంగా దాత ఊరో, వృత్తో, బంధువుల పేర్లో చెప్పి, ఇది ఫలానా వారి దానమని ప్రథమ పురుషలోనే ముగుస్తాయి కనుక, వాటి మధ్య పుట్టిన ఈ ఫలకం కూడా తన సంగతిని ఆ మర్యాదలోనే చెప్పుకుంటుంది. క్రీ.పూ. 1వ శతాబ్దంలో పలనాటి సున్నపురాయిపై ఒక వైపు బోధివృక్షాన్నీ, దాని కింద ఖాళీ ఆసనాన్నీ, చుట్టూ భక్తులనూ మలిచారు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాక చెట్టు, ఆసనం, పాదముద్రల వంటి గుర్తులతో సూచించిన కాలమది. క్రీ.శ. 3వ శతాబ్దంలో, స్తూపానికి కొత్త అలంకరణ జరిగినప్పుడు, ఫలకాన్ని వెనక్కి తిప్పి పాత చెక్కడాన్ని కట్టడం వైపుకు పెట్టి, ఖాళీగా ఉన్న రెండో వైపున సింహాలతో, ఆయక స్తంభాలతో, అంటే నాలుగు దిక్కులా అయిదేసి చొప్పున నిలబెట్టే స్తంభాలతో సహా, మహాస్తూపాన్నే చెక్కారు.

ఈ రెండో ముఖం వల్ల ఫలకానికి ఒక విచిత్రమైన హోదా వచ్చింది. అసలు స్తూపం ఇప్పుడు నేలమట్టం. అది నిలబడి ఉన్నప్పుడు ఎలా కనిపించేదో పండితులు ఊహించగలుగుతున్నారంటే, ఇటువంటి ఫలకాల మీద దాని బొమ్మ మిగిలి ఉండటమే ముఖ్య కారణం. కనుక, డిజిటల్ ప్రతి అసలుకు సాటిరాదని తేలిగ్గా తీసిపారేసే అధికారం ఈ రాయికి లేదు, ఎందుకంటే తాను కూడా ఒక ప్రతే, అసలు పోయిన తరువాత దాని స్థానంలో సాక్ష్యం చెబుతున్న ప్రతి.

స్థానికులు దీపాలదిన్నె అని పిలిచే ఆ స్తూపపు దిబ్బను 1798లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మొదటిసారి చూశాడు. స్థానిక జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణాన్ని కట్టిస్తున్న రోజులవి. దిబ్బలోని రాళ్లు కట్టడాలకు తరలిపోయాయి, తరువాతి కాలంలో కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. 1816 నుంచి మెకంజీ బృందం అక్కడ మిగిలిన రాళ్లకు కొలతలు తీసి బొమ్మలు గీసింది. ఆ సంపుటి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో గీసిన రాళ్లు కొన్ని తరువాత ఎక్కడా దొరకలేదు, అంటే వాటికి కాగితం మీది గీతే ఏకైక ఉనికి. మ్యూజియాలలో ప్రతులు తీయడమన్నది కంప్యూటర్‌తో మొదలైందనుకునే వారు ఈ సంపుటిని ఒకసారి తిరగేయవలసి ఉంటుంది. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, అక్కడ 1858లో లినేయస్ ట్రైప్ కెమెరాకు చిక్కి, మరుసటి ఏడు లండన్‌కు ఓడ ఎక్కాయి. లండన్‌లో వాటికి దక్కిన ఆదరం అంతంతమాత్రం. ఫైఫ్ హౌస్ అనే భవనపు గుర్రపు శాలలో పడి ఉన్న రాళ్లను 1867 ప్రాంతంలో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్ గుర్తించి, ఫోటోలు తీయించి, మరుసటి ఏడాది ప్రచురించిన తన గ్రంథంలో చేర్చాడు. గీత, ఫోటో, అచ్చు అనే ఈ వరుసలో తెర నాలుగోది.

1880లో, ఈ రాళ్లను అధీనంలో ఉంచుకున్న లండన్‌లోని ఇండియా మ్యూజియం సంపద పంపకమైనప్పుడు ఫలకం బ్రిటిష్ మ్యూజియం లెక్కల్లోకి వచ్చింది. ఆ మ్యూజియం వస్తువులకు ఇచ్చే నమోదు సంఖ్యలో ముందు సంవత్సరం, తరువాత నెల, తేదీ, చివర ఆ రోజు జాబితాలో వరుస సంఖ్య ఉంటాయి; ఫలకపు సంఖ్య 1880,0709తో మొదలవుతుంది, అంటే 1880 జూలై 9. చూడటానికి ఇది గుమాస్తా గీత మాత్రమే. కాని తరువాత వచ్చిన సమాచార నిధి, అంటే ప్రతి వస్తువుకూ ఒక పుట కేటాయించి, పదార్థం, కాలం, కొలతలు, దొరికిన చోటు అనే గడులు నింపి, వెతికితే దొరికేలా అమర్చిన కంప్యూటర్ జాబితా, మొత్తం ఆ పాత సంఖ్య మీదే నిలబడింది. సంఖ్య లేని వస్తువుకు పుట లేదు, పుట లేని వస్తువు ఉన్నా లేనట్టే. ఈ మాట అతిశయోక్తి కాదని 2023లో తేటతెల్లమైంది: ఆ ఆగస్టులో బ్రిటిష్ మ్యూజియం తన సేకరణలోంచి దొంగతనానికి గురైనవి, కనిపించకుండా పోయినవి, పాడైనవి కలిపి సుమారు 2,000 వస్తువుల సంగతి బయటపెట్టవలసి వచ్చింది, వాటిలో చాలావాటికి సరైన నమోదే లేదు. రెండు నెలల తరువాత, అయిదేళ్లలో మొత్తం సేకరణను డిజిటల్ రూపంలోకి తెస్తామని, అందుకు 24 లక్షల పుటలను కొత్తగా ఎక్కించడమో సరిదిద్దడమో చేయాలని ప్రకటించింది. ప్రజలకు ప్రవేశం కల్పించాలన్న ఆశయం ఎన్నాళ్లుగానో ఉన్నదే. పనికి గడువు పెట్టించింది మాత్రం దొంగతనం.

ఆన్‌లైన్ జాబితా 2007లోనే మొదలైంది, 2020 ఏప్రిల్‌లో మెరుగైన రూపంలో మళ్లీ వచ్చింది. అప్పటికి దాదాపు 45 లక్షల వస్తువుల వివరాలు అందులో ఉన్నాయి. అంతకు ముందు ఫలకాన్ని చూడటమంటే లండన్ వెళ్లడమే, వెళ్లినా అన్నిసార్లూ సాధ్యపడేది కాదు, ఎందుకంటే అమరావతి రాళ్లు చాలా ఏళ్లు నేలమాళిగలో గడిపి, 1992లో గాని తమకంటూ ఒక ప్రత్యేక గదికి చేరలేదు. తెర మీద ఫలకానికి జరిగిన అసలు మార్పు, ఎంతమంది చూశారన్న లెక్కలో లేదు. 3వ శతాబ్దంలో ప్రదక్షిణ చేసిన భక్తుడికి స్తూపం బొమ్మ కనిపించింది గాని, దాని వెనుక బోధివృక్షం ఉందని తెలిసే వీలు లేదు, క్రీ.పూ. 1వ శతాబ్దపు భక్తుడికి రెండో ముఖం ఇంకా పుట్టనే లేదు. ఇప్పుడు ఆ రెండు ముఖాలూ ఒకే పుటలో పక్కపక్కన, సమాన పరిమాణంలో, ఒకే వెలుతురులో నిలుస్తున్నాయి. పండితుడికి ఇది వరం. కాని ఒక ముఖం మరో ముఖాన్ని దాచి, శతాబ్దాల పాటు తానే లోకానికి కనిపించిందన్న సంగతి ఆ అమరికలో మాయమవుతుంది. కొలతలు సెంటీమీటర్లలో రాసి ఉన్నా, అరచేతిలోని ఫోన్‌లో రాతి పలకా, నాణెమూ ఒకే సైజులో కనిపిస్తాయి.

చూడటం ఒకటి, వాడుకోవడం ఒకటి. బ్రిటిష్ మ్యూజియం తన చిత్రాలను సామాన్యంగా ఒక షరతుల పత్రం కింద ఇస్తుంది. దాని ప్రకారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మూలాన్ని పేర్కొనాలి, వ్యాపారానికి వాడరాదు, మార్పులు చేస్తే అవే షరతులతో పంచాలి. బడిలో పాఠానికి ఇది చాలు. గుంటూరులో ఒక ప్రచురణకర్త అమరావతి మీద పుస్తకం వేసి, అమ్మదలచి, అట్ట మీద ఈ ఫలకాన్ని పెట్టుకోవాలంటే మాత్రం లండన్ నుంచి అనుమతి పొందాలి, రుసుమూ చెల్లించవలసి రావచ్చు. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో, కాపీహక్కు లేని తన వస్తువుల చిత్రాలు 3,75,000 వరకు ఏ షరతూ లేకుండా వదిలేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం అంతకన్నా ముందే ఆ దారి పట్టింది. రెండు వేల ఏళ్ల కింద ధాన్యకటకంలో, అంటే నాటి అమరావతిలో, చెక్కిన రాతి బొమ్మ మీద ఫోటో హక్కు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం, రాయి ఏ తలుపు వెనుక ఉందన్న దాన్ని బట్టి మారిపోవడం న్యాయంగా తోచదు.

డిజిటల్ పద్ధతి నిజంగా కొత్తగా చేయగలిగినది, చెల్లాచెదురైన వాటిని దగ్గరకు చేర్చడం. మహాస్తూపపు రాళ్లలో అధికభాగం చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని లండన్‌లో, కొన్ని అమరావతిలోనే పురావస్తు శాఖ మ్యూజియంలో, మరికొన్ని కోల్‌కతా, ఢిల్లీ, పారిస్‌లలో ఉన్నాయి. వీటిని ఒక్క చోటికి తేవడం రాజకీయంగానూ, బరువు రీత్యానూ కష్టం. ఐఐఐఎఫ్ అనే ప్రమాణం, అంటే వేర్వేరు సంస్థల కంప్యూటర్లలోని చిత్రాలను ఒకే కిటికీలో పక్కపక్కన పెట్టి, పెద్దవి చేసి పోల్చుకోనిచ్చే ఉమ్మడి ఒప్పందం, ఇటువంటి పనికే పుట్టింది; దాని రూపకల్పనలో బ్రిటిష్ లైబ్రరీ కూడా పాలుపంచుకున్నది. ఫోటోగ్రామెట్రీ మరొక సాధనం: ఒక వస్తువును అన్ని కోణాల నుంచీ వరుసగా ఫోటోలు తీసి, వాటిలోని ఉమ్మడి బిందువులను కంప్యూటర్ చేత లెక్కకట్టించి, తిప్పి చూడదగిన త్రిమితీయ నమూనాను తయారుచేసే పద్ధతి. విరిగిన అంచులకు ఇటువంటి నమూనాలుంటే, చెన్నైలోని ముక్క, లండన్‌లోని ముక్క ఒకే పలకవా అన్నది ఓడ ఎక్కించకుండానే తేల్చవచ్చు. మన దేశంలో పుణెలోని సీ-డాక్ రూపొందించిన జతన్ అనే సాఫ్ట్‌వేర్‌తో జాతీయ మ్యూజియాల జాబితాలు ఒకే వేదిక మీదికి వచ్చాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంతో పాటు, అమరావతి శిల్పానికి తోబుట్టువు లాంటి నాగార్జునకొండ శిల్పాల మ్యూజియమూ అందులో ఉంది. అయితే అన్ని జాబితాలూ ఒకే మాటలు వాడినప్పుడే యంత్రం వాటిని కలపగలదు. అదే చోటును ఒకరు అమరావతి అని, ఒకరు ధరణికోట అని, పాత పత్రాలు మరో పది వర్ణక్రమాలతో రాసి, మహారాష్ట్రలో అమరావతి అనే జిల్లా కూడా ఉన్నప్పుడు, వెతుకులాట మనుషులే కూర్చుని సరిచేయవలసిన పని అవుతుంది. లండన్ పుట ఇంగ్లీషులోనే ఉంది కనుక, ఫలకం పుట్టిన ఊళ్లో బడిపిల్లలు తమ లిపిలో వెతికితే దాన్ని చేరే దారి సులువు కాదు.

ఇన్ని సౌకర్యాలున్న సమాచార నిధులు ఎంత భద్రమన్న ప్రశ్నా 2023లోనే వచ్చింది. ఆ అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, దాని డిజిటల్ సేవలు చాలావరకు నెలల తరబడి ఆగిపోయాయి. మెకంజీ సంపుటి మాత్రం అరలో చెక్కుచెదరకుండా ఉంది. ఆ సంపుటి అవసరం ఫలకానికి ఇంకా తీరలేదు. ఎలియట్ తవ్వకాల్లో ఏ రాయి ఏ చోట బయటపడిందో సరిగా రాసిపెట్టలేదు కనుక, దొరికిన చోటు అనే గడిలో స్తూపం పేరు రాయగలిగినా, మేధి చుట్టూ ఏ దిక్కున, ఏ పలకల నడుమ నిలిచిందో రాయడానికి ఆధారం లేదు. అలాంటి చోట్లను వెతికే పరిశోధకులు తెరను పక్కన పెట్టి, మెకంజీ చిత్రకారులు కొలిచి గీసిన స్తూపపు నక్షాతో ఒక్కో పలకనూ పోల్చుకుంటూనే ఉన్నారు.