మైపాడు ఇసుకలో బొంగరం

మా ఇంట్లో అద్దాల బీరువా ఒకటుంది. అందులో పదమూడు ఏటికొప్పాక బొంగరాలుండేవి. మా ఆవిడ లెక్కలో అవి పదమూడు దుమ్ముగూళ్ళు. ఎలమంచిలి వైపు ఎవరి పెళ్ళయినా, వాళ్ళు నాకేమవుతారో సరిగ్గా తెలియకపోయినా, వెళ్ళి అక్షింతలు వేసి రావడం నా బాధ్యత. తిరుగు దారిలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో దిగి ఓ బొంగరం కొనడం నా వ్యసనం. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి కర్రను పట్టుకుంటుంది. పసుపు, జాఫ్రా గింజల్లాంటి వాటి నుంచి తీసిన రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెబుతాను. కాఫీ ఆలస్యమైతే రెండుసార్లు చెబుతాను.

ఒక్కదాన్నీ తిప్పేవాణ్ణి కాదు. తిప్పితే అరిగిపోదూ!

వేసవి సెలవలకు హైదరాబాదు నుంచి మా మనవడొచ్చాడు. ఆరేళ్ళు. వాడికీ ఓ డబ్బా నిండా బేబ్లేడ్ బొంగరాలున్నాయి. బీరువా ముందు చాలాసేపు నిలబడి, "తాతా, ఇవి తిరుగుతాయా?" అన్నాడు.

"బ్రహ్మాండంగా."

"మరెందుకు కూర్చున్నాయి?"

ముప్ఫయ్యేళ్ళు లెక్కల సెక్షన్లో పనిచేశాను. ఏ ఆడిటరూ నన్నిట్లా ఇరికించలేదు.

మర్నాడు సాయంత్రం మైపాడు గేటు మీదుగా సముద్రానికి బయల్దేరాం. జేబులో రుమాలు చుట్టిన బొంగరం, ఎరుపూ పసుపూ పట్టీలది. మనవడి దగ్గర పరువు నిలబెట్టుకోవాలని ముందు రాత్రే కాస్త చదివి పెట్టుకున్నాను. దారిపొడవునా చెప్పాను. బేబ్లేడ్ 1999లో జపాన్లో పుట్టింది. దాని తాత బేగోమా అనే బొంగరం. ఆ బొంగరానికీ ఓ తాత ఉన్నాడు, వట్టి సముద్రపు గవ్వ. మెలిక తిరిగిన గవ్వలో ఇసుకో మట్టో దట్టించి, మైనంతో మూసి తిప్పేవాళ్ళట. తర్వాత పోత ఇనుముతో చేశారు. ఓడినవాడి బొంగరం గెలిచినవాడిది.

"మీ ఆటలో?" అన్నాడు వాడు.

"మా ఆటలో అంత దయ లేదు. గిరిలో పెట్టించి, ములికితో దాని నెత్తిన పొడిచేవాళ్ళం." ఆశారి తుమ్మకర్రతో చేసిచ్చిన నా చిన్ననాటి బొంగరం ఒంటినిండా గాట్లే. మశూచి పోసి బతికి బయటపడ్డ మనిషిలా ఉండేది.

సరుగుడు తోపు దాటి ఇసుకలోకి దిగాక తాడు చుట్టాను. యాభయ్యేళ్ళ తర్వాత కూడా వేలు తన పని మర్చిపోలేదు. మర్చిపోయింది నేనే, బొంగరానికి గట్టి నేల కావాలని. విసిరాను. తల ఇసుకలో, ములికి ఆకాశంలో, శీర్షాసనం వేసిన సన్నాసిలా నిలబడిపోయింది. "ఇప్పుడు నేను!" అంటూ వాడు బేబ్లేడ్ వదిలాడు. అది ఇద్దరి కళ్ళలోకీ సమానంగా ఇసుక చిమ్మి పడుకుంది.

అల తడిపిన ఇసుక గట్టిగా ఉంటుంది కదా అని అక్కడికి పోయాం. ఈసారి తిరిగింది. నిజంగా తిరిగింది! తిరుగుతూ తిరుగుతూ బోరు వేస్తున్నట్టు కిందికి దిగింది. అంతలో అలొచ్చింది. పంచె ఎగ్గట్టి నేను బొంగరం వెంట, నా వెంట మనవడు, మా వెంట ఎవరిదో కుక్క. ఆ పరుగు మా డాక్టరు చూసుంటే సగం మాత్రలు ఆపేసేవాడు.

పట్టపుపాలెం ముసలాయనొకాయన పడవలో కూర్చుని వల బాగుచేసుకుంటూ అంతా చూస్తున్నాడు.

"ఇసకలో బొంగరం తిరగద్దా సార్, యాడన్నా? ఇట్టా తెండి."

అడగ్గానే ఇచ్చేశాను. ఆయన తాడు బిగించి, పడవ చెక్క మీదికి ఒక్క విసురు విసిరాడు. బొంగరం గుయ్యిమంటూ నిలబడింది. రెండు వేళ్ళ సందున ఎత్తి అరచేతిలోకి తీసుకుని, అక్కణ్ణించి మావాడి అరచేతిలోకి దించాడు. చక్కిలిగిలికి వాడు మెలికలు తిరిగిపోయాడుగానీ చెయ్యి మాత్రం కదల్చలేదు. పదమూడేళ్ళుగా పోగేస్తున్నాను, ఆ రంగులు తిరిగితే ఎట్లా కలిసిపోతాయో నేనూ అప్పుడే చూడటం.

ఆ ఉత్సాహంలో ముసలాయనకు అంకుడు కర్ర, లక్క, జాఫ్రా గింజలు, భౌగోళిక గుర్తింపు, అన్నీ విడమరిచి చెప్పాను. ఆయన వల కుట్టుకుంటూ ఊ కొట్టాడు. తల తిప్పి చూస్తే మావాడి చేతిలో బొంగరం లేదు. గుప్పెడంత గవ్వ ఉంది.

"ఆ అబ్బాయికిచ్చేశా తాతా. గవ్విచ్చాడు."

"ఎప్పుడురా?"

"నువ్వు 2017 అంటున్నప్పుడు."

అవతల ముసలాయన మనవడు, పాలెం పిలకాయలు ఇంకో నలుగురు, అప్పటికే సిమెంటు గచ్చు మీద బొగ్గుతో గిరి గీశారు. నా ఎరుపూ పసుపూ బొంగరం గిరి మధ్యలో ఉంది. ఇంకో బొంగరం ములికి దాని నెత్తిన టక్కున దిగింది. ఆ దెబ్బ నాకెక్కడ తగిలిందో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

రాత్రి మావాడు గవ్వలో ఇసుక కూరి, కొవ్వొత్తి మైనం పోయించుకుని, బీరువాలో ఖాళీ అయిన పదమూడో చోట పెట్టాడు. అందరూ పడుకున్నాక చప్పుడు కాకుండా తలుపు తీశాను. ఒక్కసారి తిప్పి చూద్దామని.

చీకట్లోంచి వాడి గొంతు. "వద్దు తాతా. అరిగిపోతుంది."