పది సెంట్ల రాక్షసుడు

యుద్ధం గెలిచొచ్చిన అమెరికాకు ఇంట్లోనే కొత్త శత్రువు దొరికాడు. మీసాలింకా రాలేదు, చేతిలో పది సెంట్ల బొమ్మల కథల పుస్తకం. "మా వాడు బంగారం, ఎవరో చెడగొట్టారు" అనే తల్లిదండ్రులు ఏ దేశంలోనైనా ఉంటారు. చెడగొట్టినవాడిగా పక్కింటి కుర్రాడికన్నా కామిక్ పుస్తకమే నయం, దాని తరఫున పోట్లాటకొచ్చే తల్లి ఉండదు.

1948 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో బడిపిల్లలు పోగుచేసిన కామిక్స్‌ను కుప్పపోసి తగలబెట్టారు. పుస్తకాలు తగలబెట్టించిన హిట్లర్ పోయి అప్పటికి నాలుగేళ్లయినా కాలేదు. సదుద్దేశంతో కాలిస్తే పొగ రాదు కాబోలు.

మంట ఉన్నాక శాస్త్రం కూడా ఉండాలిగా! మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వెర్థమ్ 1954లో 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' రాసి ఆ లోటు తీర్చాడు. దారి తప్పి తన దగ్గరికొచ్చిన పిల్లలు కామిక్స్ చదివేవారట. అప్పట్లో అవి చదవని పిల్లాణ్ని వెతికి పట్టుకోవడమే కష్టం. ఆ కుర్రాళ్లలో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లూ ఉండే ఉంటారు, చర్చిని మాత్రం ఎవరూ నిలదీయలేదు. బాట్‌మన్, రాబిన్‌ల సహవాసం డాక్టరుగారి కంటికి స్వలింగ ప్రేమికుల కాపురంలా కనిపించింది. ఆయన కాగితాలు తిరగేసిన పరిశోధకురాలు కరోల్ టిల్లీ 2012లో అసలు సంగతి బయటపెట్టింది: పిల్లల మాటల్ని ఆయన మార్చాడు, వేర్వేరు పిల్లలు చెప్పినవి ఒకరి నోట పెట్టాడు, తన వాదానికి అడ్డొచ్చినవి వదిలేశాడు. పిల్లలకు కట్టుకథలు కూడదన్న పెద్దమనిషి పెద్దలకు మాత్రం బాగానే చెప్పాడు.

పుస్తకం వచ్చిన 1954 ఏప్రిల్‌లోనే కామిక్స్ మీద సెనేట్ ఉపసంఘం విచారణ. ఒక చేత్తో గొడ్డలి, మరో చేత్తో తెగిన ఆడమనిషి తల పట్టుకున్నవాడి ముఖచిత్రం చూపించి, ఇది మంచి అభిరుచేనా అని సెనేటర్ కెఫావర్ అడిగాడు. భయానక కథల పుస్తకానికి మంచిదేనన్నాడు ఈసీ కామిక్స్ యజమాని విలియం గేన్స్; తల ఇంకాస్త పైకెత్తి, మెడలోంచి కారే నెత్తురు చూపిస్తే బాగుండదట! ఇలాంటి సాక్షి దొరికాక డాక్టరుకు వేరే సాక్ష్యం దేనికి?

బెదిరిన ప్రచురణకర్తలు ఆ ఏడే తమకు తామే సంకెళ్లు బిగించుకున్నారు. దాని పేరు కామిక్స్ కోడ్. నడిచే శవాలు, రక్తపిశాచాలు నిషిద్ధం. పోలీసును, న్యాయమూర్తిని చులకన చేయకూడదు. విడాకుల మీద జోకు వేయకూడదు. మంచే గెలవాలి. ఆ దశాబ్దంలోనే మన 'చందమామ'లో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని బయల్దేరాడు, ఆ శవం కథలు కూడా చెప్పేది. మన నాన్నలూ తాతలూ ఎంత చెడిపోయారో లెక్క తీసిన డాక్టరు లేడు.

వెర్థమ్ దుర్మార్గుడు మాత్రం కాడు. హార్లెమ్‌లో నల్లజాతి పేదల కోసం క్లినిక్ నడిపినవాడు. ఆయన రేపిన గోలలోంచి పుట్టిన కోడ్ ఏం చేసిందో చూడండి. ఒక ఈసీ కథలో, రంగును బట్టి వివక్ష చూపే మరమనుషుల గ్రహానికి ఒక వ్యోమగామి తనిఖీకి వెళ్తాడు. కథ చివర శిరస్త్రాణం తీస్తే నల్లవాడు. ఈసీ వాళ్లు దాన్ని మళ్లీ అచ్చేయబోతే, కోడ్ అధికారి, మాజీ న్యాయమూర్తి మర్ఫీ, ఆ మనిషి నల్లగా ఉండకూడదన్నాడట. గేన్స్ లెక్కచేయకుండా 1956లో అలాగే అచ్చువేశాడు. ఈసీ కామిక్ పుస్తకాల్లో అదే ఆఖరిది.

గేన్స్‌కు మిగిలింది వెక్కిరింతల 'మ్యాడ్' ఒక్కటే. 1955లోనే అది మ్యాగజైన్‌గా మారింది, మ్యాగజైన్లకు కోడ్ వర్తించేది కాదు. పది సెంట్లకు చెడిపోతున్న కుర్రాళ్లు ఇక పాతిక సెంట్లు పెట్టి, పెద్దల్ని వెక్కిరించడం అందులో చదువుకున్నారు.