గొట్టాల సారు

అచ్చంపేట బస్టాండు దగ్గర బోండాలు కొట్టే అతను ఆయన్ని చూడగానే కత్తి పక్కన పెడతాడు. తొందరపడి లాభం లేదని అతనికి తెలుసు. సారు ముందు కన్నం కొలత చెప్పాలి.

"మరీ పెద్దగ కొట్టకు. నాది సన్న గొట్టం."

తర్వాత జేబులోంచి గుడ్డసంచీ వస్తుంది. నాడా విప్పి, స్టీలు గొట్టం తీసి, ఎండకేసి పట్టి, ఒంటికన్నుతో లోపలికి చూస్తారు. నిన్నటి మీగడ ఏమైనా అంటుకుని ఉందేమోనని సన్న బ్రష్షు దూర్చి నాలుగుసార్లు ఆడిస్తారు. ఈలోగా వెనకొచ్చిన వాళ్లు బోండాం ఎత్తి గడగడా తాగి, లేత కొబ్బరి గీకించుకుని తిని, మూతి తుడుచుకుని కల్వకుర్తి బస్సెక్కేసి ఉంటారు.

2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం. బండి అతనికి తెలియక కాదు, ఆ స్ట్రాల కట్ట ఇప్పుడు గోనెపట్టా కింద ఉంటుంది, అంతే తేడా. సారు మాత్రం ఆ నిషేధాన్ని ఒంటిచేత్తో అమలు చేయడానికి పూనుకున్నారు. మొదట కాగితపు స్ట్రా. 1888లోనే అమెరికాలో మార్విన్ స్టోన్ అనే ఆయన దానికి పేటెంటు తీసుకున్న వైనం సారు చెప్పడం పూర్తయ్యేలోపే స్ట్రా మెత్తబడి నాలుక్కి అంటుకుంది. తర్వాత వెదురుది. ఎదురుగా నల్లమల నిండా వెదురుండగా సారు దాన్ని ఆన్‌లైన్లో తెప్పించారు. ఒక్క వానాకాలానికే బూజు పట్టింది. గాజుది స్కూటర్ డిక్కీలో ముక్కలైంది. సిలికాన్‌ది నిన్నటి చల్ల వాసనను ఇవాళ్టి బోండాంలోకి మోసుకొచ్చింది. స్టీలు ఒక్కటే నిలిచింది. అదీ ఒకటి కాదు, నిటారుది, వంకరది, లావుది, సన్నది. నిజానికి స్టీలు గొట్టం తయారీకి పట్టే ఖర్చూ కరెంటూ గిట్టుబాటు కావాలంటే ఒక్కదాన్నే పదే పదే వాడాలి. ఆ మాట సారుతో అంటే నొచ్చుకుంటారు.

"మీరు గొట్టం కడిగే నీళ్లతోని ఇంకొకరి దూప తీరుతది" అంటారు మేడం. అన్నా లాభం లేదు.

మొన్న ఇద్దరూ శ్రీశైలం బయల్దేరారు. అమ్రాబాద్ పులుల అడవిలోకి ప్లాస్టిక్ పోకూడదు కదా, మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర కారు ఆపారు. సారు ఈ క్షణం కోసమే బతికినట్టు సంచీ విప్పి చూపించారు. గీతలు పడతాయని ఒక్కో గొట్టాన్నీ అది వచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే దాచారు.

"గొట్టాలు మంచిగున్నయి సారూ. గీ కవర్లు మాత్రం ఈడ ఇచ్చి పోండ్రి."

కవర్లన్నీ అక్కడే ఇచ్చేశారు. కొంతదూరం పోయాక మేడం బ్యాగులోంచి పుట్టింటి స్టీలు గ్లాసు తీసి, నీళ్లు పోసుకుని తాగారు. సారుకీ దూపయింది. గ్లాసు అడిగి పుచ్చుకుని, నిండా పోయించుకుని, అందులో గొట్టం వేశారు.