విమానం బొమ్మ కారెక్కితే

డైవ్ కంప్యూటర్ చేతికి కట్టుకునే చిన్న యంత్రం. నీటి పీడనాన్ని, గడిచిన సమయాన్ని కొలిచి, ఒంట్లో ఎంత నైట్రోజన్ చేరిందో అంచనా కడుతుంది. పొద్దున రుషికొండ సముద్రంలో మునిగి, సాయంత్రానికి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకులో బొంగు చికెన్ తినాలనుకునేవారికి, ఆ నైట్రోజన్ తగ్గకముందే ఎత్తుకెళ్తే ముప్పు కనుక, ఇది మరీ అవసరం. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. 600 మీటర్లు దాటి పైకెళ్లాలంటే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగాలన్నది విమాన ప్రయాణికులకు చెప్పే లెక్క. తెరపై హెచ్చరికగా విమానం బొమ్మే పడుతుంది కనుక, కారెక్కినవారు అది తమక్కాదని ధీమాగా ఉంటారు.

యంత్రాన్నైనా ఎంతని నమ్మడం? 2006–2018 మధ్య తయారైన సూంటో కంపెనీ డైవ్ కంప్యూటర్ల పీడన సెన్సర్లపై అమెరికాలో దావా పడి, రాజీతో ముగిసింది. సెన్సర్ చెడితే ఒడ్డున కూర్చున్నవాడు కూడా లోతులో ఉన్నట్టే లెక్క. ఇక వారంటీ తీరాక అసలు కంటే కొసరే ఎక్కువ: సీలు, పీడన పరీక్ష, రానూపోనూ కొరియర్. అంత బిల్లూ చూపించి, కొత్తది కొనుక్కోవడమే మేలని సలహా ఇచ్చేదీ సర్వీసు సెంటరే.