బావగారి మిలాన్ ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం:

సోమవారమందు సొంపుగా కోటను
గంటలోన చూసి గడప దాటి
పక్కనున్న బొమ్మ పరిగెత్తి చూచిన
రైలు దొరకు మనకు రాత్రి లోపు

అవతారిక: ఇటలీ దేశమున మిలాన్ నగరమందలి స్ఫోర్జా కోటను, అందలి మ్యూజియాలను సకుటుంబంగా చూడ సంకల్పించిన మా బావగారు, ఒక్క టిక్కెట్టూ కొనకముందే ప్రయాణ ప్రణాళికను పద్యరూపంలో ఫ్యామిలీ గ్రూపున వెలువరించిరి. అందరూ బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నారు. అర్థం అడిగినవారు లేరు. ఆధారం లేని ముక్క రాయనని కొలచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నా కష్టం వేరు. ఇక్కడ మూలానికే ఆధారం లేదు.

టీక:

సోమవారమందు = మ్యూజియాలు మూసియుండు దినమునందు. కవి హైదరాబాదువారగుటచే, సాలార్‌జంగ్‌ మ్యూజియానికి శుక్రవారం సెలవని ఎరిగి ఆ రోజును జాగ్రత్తగా తప్పించారు. సోమవారం శివుడికి ప్రీతి కదా అన్న ధీమా కూడా ఉండవచ్చు. మిలాన్‌లో ఆ వాదం చెల్లదు.

సొంపుగా = తీరిగ్గా. తరువాతి పాదంలో 'గంటలోన' అని ఉన్నందున ఈ పదం పాదపూరణం కోసం వచ్చినదని పెద్దలందురు.

కోటను = బయటి కోటనా, లోపలి మ్యూజియాలనా అని పూర్వపక్షం. ఆవరణలో ఎవరైనా టిక్కెట్టు లేకుండా తిరగవచ్చు. టిక్కెట్టూ, వారపు సెలవూ మ్యూజియాలకే. కనుక సోమవారం పోయినవారికి గోడలు దక్కును, సరుకు దక్కదు. ఈ కోటను 14వ శతాబ్దంలో విస్కోంటి వంశపు రెండవ గలెయాత్సో మొదలుపెట్టాడు. 1447లో ఫిలిప్పో మరియా విస్కోంటి మగసంతానం లేక పోగానే నగరవాసులు గణతంత్రం ప్రకటించుకుని కోటను పడగొట్టారు. 1450లో ఆయన అల్లుడు ఫ్రాంచెస్కో స్ఫోర్జా డ్యూకై మళ్లీ కట్టించాడు. మామగారి కోటకు చివరికి అల్లుడి ఇంటిపేరే నిలిచింది. కవిగారూ మా ఇంటి అల్లుడే గనుక ఈ ఘట్టాన్ని ఇంతకంటె సాగదీయను.

గంటలోన చూసి = 'చూసి' అసమాపక క్రియ. గంటలో చూస్తే నిజంగానే అసమాపకంగా మిగులును. లోపల ప్రాచీన శిల్పాలు, వర్ణచిత్రాలు, కొయ్య సామాను, సంగీత వాద్యాలు, ఒక్కోదానికి ఒక్కో మ్యూజియం. బెర్నబో విస్కోంటి గుర్రమెక్కి నిలుచున్న పాలరాతి స్మారకం దగ్గరే మా పిల్లలు పావుగంట నిలబడతారు. అన్నిటికీ మించి రొందనీని పియేతా. చనిపోయిన ఏసును నిలబడి పొదివి పట్టుకున్న తల్లి. మైకలాంజెలో 1564లో, 88 ఏళ్ల వయసున పోవడానికి కొన్నాళ్ల ముందు దాకా దీన్ని చెక్కుతూనే ఉన్నాడు. పూర్తికాలేదు. మధ్యలో మనసు మార్చుకుని మొదటి రూపాన్ని చెక్కేయగా, అప్పటి చెయ్యి ఒకటి ఏ దేహానికీ చెందకుండా పక్కన మిగిలింది. నగరం దీన్ని 1952లో కొన్నది. 2015 నుంచి కోటలోనే, ఒకప్పుడు స్పెయిన్ సైనికుల ఆస్పత్రిగా ఉన్న గదిలో ఒంటరిగా ఉంచారు. కవి ఇచ్చిన గంట మొత్తం ఈ ఒక్క గదికే ఖర్చు పెట్టమని నా సలహా. మిగతా మ్యూజియాలకు ఇంకో పూట అడుగుదాం.

గడప దాటి = ముఖద్వారం మీది ఫిలరేతే బురుజు కింద నుంచి అని అర్థం. అసలు బురుజు 1521లో లోపల దాచిన మందుగుండు పేలి కూలింది. మనం ఫొటోలు దిగేది లూకా బెల్త్రామి పునర్నిర్మించగా 1905లో పూర్తయినదాని ముందు. కవికి ఈ సంగతి చెప్పవద్దు, ఫొటో మానేస్తారు.

పక్కనున్న బొమ్మ = ఇది శ్లేష. లియొనార్డో డావిన్చి 'చివరి విందు' అని కవి హృదయం. అది కోటలో లేదు. పది పదిహేను నిమిషాల నడకలో, శాంతా మరియా దెల్లే గ్రాత్సియే మఠపు భోజనశాల గోడమీద ఉంది. కోటలో ఉన్నది ఆయన లుదొవికో స్ఫోర్జా కోసం 1498 ప్రాంతంలో పైకప్పంతా మల్బరీ చెట్లు గీసిన 'సాలా దెల్లె ఆస్సె'. పునరుద్ధరణ పనుల వల్ల ఆ గదిని ఏళ్ల తరబడి చాలావరకు మూసే ఉంచారు. తెరిచారో లేదో ముందుగా కనుక్కోవాలి.

పరిగెత్తి = వృథాగా. 'చివరి విందు'కు ముందే టిక్కెట్టు కొనుక్కోవాలి. లోపల ఉండనిచ్చేది 15 నిమిషాలు. దానికీ సోమవారమే సెలవు.

రైలు = దొరకును. కోట పక్కనే కదోర్నా స్టేషను. పద్యం మొత్తంలో నిర్దోషమైన పదం ఇదొక్కటే.

అలంకారం: 'సొంపుగా', 'గంటలోన' అనువాటి నడుమ విరోధాభాసమని కొందరు. విరోధమే గాని ఆభాసం ఏమీ లేదు.

తాత్పర్యం: సోమవారం మిలాన్ వెళ్లి, మూసిన తలుపులు చూసి, రైలెక్కుదము.

పాఠాంతరం: మా మేనకోడలి ప్రతిలో మొదటి పదం 'మంగళవారమందు' అని ఉన్నది. గణభంగం, యతిభంగం రెండూ కలవు. అయినను ఆ రోజు రెండుచోట్లా తలుపులు తెరిచియుండును గావున ఈ పాఠమే గ్రాహ్యము.